బీన్సక్క చెప్పిన సిలబస్

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వ్యాపారం గురించి పాఠం చెప్పడానికి వ్యాపారం చేసి ఉండాల్సిన పని లేదని, ఎం.బి.ఏ. చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ పక్కన నిలబడగలిగితే చాలని అందరూ నమ్మేవారు. ఆ లెక్కన నాకన్నా అర్హుడు మా జిల్లా మొత్తంలో మరొకడు ఉండడు. మాది పుంగనూరులో మూడు తరాల చిల్లర అంగడి. నేను మాత్రం ఆ అంగట్లో వరసగా రెండు గంటలు కూర్చున్న పాపాన పోలేదు. బెల్లం దిమ్మెల మీద ముసిరే ఈగలంటే అసహ్యం. "శెట్టీ, పావుకేజీ కందిబేడలు కట్టు" అని రేపు నన్ను కూడా పిలుస్తారేమోనని భయం. బాగా చదువుకుని ఆ పిలుపు వినపడనంత దూరం వెళ్ళిపోవాలన్నది నా పట్టుదల. (చివరికి వెళ్ళగలిగింది బస్సులో ముప్పావుగంట దూరం.) మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య వేరుసెనగ చేలు చదును చేసి కట్టిన ఒక కాలేజీలో, అందరికన్నా చిన్న లెక్చరర్‌గా చేరాను. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. కల్యాణమండపం చేశారు. అది బాగానే నడుస్తోందని విన్నాను.

మా ప్రిన్సిపాల్‌ను పిల్లలు నార్మ్స్ సారు అనేవాళ్ళు. ఏ పని అడిగినా "నార్మ్స్ ప్రకారం కుదరదయ్యా" అనేవారు, ఆయనకు ఇష్టమైన పనైతే "నార్మ్స్‌లో ఎక్కడా వద్దని లేదుగా" అనేవారు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి యూనివర్సిటీ నుంచి వచ్చిన కాగితం చేతిలో పెట్టారు. విద్యార్థులను ఉద్యోగాలు అడిగేవాళ్ళుగా కాక, ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళుగా తయారు చెయ్యాలట. అందుకు ప్రతి కాలేజీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సు ఒకటి రూపొందించి పంపాలట. కమిటీ వచ్చి చూస్తుందట. బాగుంటే మిగతా కాలేజీలన్నిటికీ అదే పెడతారట. "నువ్వు రాయవయ్యా, కుర్రాడివి" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకుంటే, మా నాయన తక్కెడ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "అంగడి పెట్టేది ఎట్లని నేర్పేదానికి నీకు జీతమిస్తాండారా? ఈడ ఊరికే నేర్పిస్తానంటే యాల పారిపోతివిరా?" అన్నాడు. అమ్మ లోపల్నుంచి నవ్వింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

వారం రోజులు మదనపల్లెలో ఇంటర్‌నెట్ సెంటర్లో కూర్చుని, మూడు పుస్తకాలూ నాలుగు వెబ్‌సైట్లూ కలిపి దంచి, అయిదు యూనిట్ల సిలబస్ తయారుచేశాను. మొదటి యూనిట్ నిర్వచనాలు, రెండోది సిద్ధాంతాలు, అలా అలా వెళ్ళి అయిదో యూనిట్‌లో ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలో చెప్పి ముగించాను. అందులో ఎక్కడా ఎవరూ ఏదీ అమ్మలేదు, కొనలేదు. నార్మ్స్ సారు చాలా మెచ్చుకున్నారు. కానీ కాగితంలో "స్థానిక వ్యాపారులతో సంప్రదించి" అన్న ముక్క ఉందని, కాబట్టి సంప్రదించి రమ్మని పంపారు. నేను ముప్పై రెండు ప్రశ్నల ఫారం ఒకటి అచ్చువేయించుకుని బయల్దేరాను.

మొదట మదనపల్లె టమాటా మార్కెట్. వేలంపాట జోరుగా సాగుతుండగా ఒక మండీ యజమాని చొక్కా పట్టుకుని "మీరు రిస్కును ఎలా నిర్వహిస్తారు?" అని అడిగాను. ఆయన నా చేతిలోని కాగితాలు చూసి ముఖం మాడ్చుకుని "ఇన్‌కం ట్యాక్సా?" అన్నాడు. కాదని చెప్పేసరికి లోడు దింపే హమాలీలు నన్ను దారిలోంచి ఎత్తి అవతల పెట్టారు. తర్వాత పుంగనూరులో మా నాయన స్నేహితుడు, ఇరవై ఊళ్ళ పాలు పోగుచేసే పెద్దమనిషి. "మీ విజన్ ఎలాంటిది?" అని ఏడో ప్రశ్న వేస్తే, ఆయన అద్దాలు తీసి తుడుచుకుని "ఆపరేషన్ అయినంక బాగనే కనిపిస్తాండాదప్పా, ఎడమకన్నే కొంచెం మసక" అన్నాడు. నేను అది కూడా రాసుకున్నాను. మిగిలింది కుప్పం. అక్కడ మా మేనత్త ఇల్లుంది. "వ్యాపారం గురించి అడగాలంటే బీన్సక్కని అడగరా" అని అత్తే చెప్పింది.

బీన్సక్కకు అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో బీన్సు, చిక్కుడు, కొత్తిమీర కొని, పొద్దున్నే ప్యాసింజర్ రైల్లో బెంగళూరుకు తీసుకుపోయి అమ్మేది. రైతులతో తెలుగు, అరవ సరిహద్దు వాళ్ళతో అరవం, బెంగళూరులో కన్నడం. మూడో తరగతి చదివిందట. నా ఫారం తీసుకుని, కూడబలుక్కుంటూ నాలుగు ప్రశ్నలు చదివి, తిరిగి నా చేతికిచ్చింది. "ఇయ్యన్నీ నిన్నెవురు అడగమన్న్యారప్పా?" అంది. నేనే తయారుచేశానన్నాను. నావైపు చాలా జాలిగా చూసి, "రేపు నాతో రైలెక్కు. నాలుగు గంపలుండాయి, ఒకటి నువ్వెత్తుకో" అంది.

ఆ ప్రయాణం గురించి ఎంత రాసినా తక్కువే. బీన్సు గంప నెత్తిన పెట్టుకుని నేను ప్లాట్‌ఫారం మీద పరిగెత్తిన తీరు చూసి పోర్టర్లు సెలవు పెట్టినంత పని చేశారు. రైలు పెట్టెలో కూర్చున్నాక బీన్సక్క ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. కళ్ళు మూసుకుని నిద్రపోతోందనుకున్నాను. బంగారుపేటలో హఠాత్తుగా లేచి "రెండు గంపలు దించు" అంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అవతలి బెంచీ మీద ఇద్దరు కన్నడంలో ఏదో మాట్లాడుకున్నారట. బెంగళూరు మార్కెట్లో ఆ రోజు బీన్సు లారీలు ఎక్కువగా దిగాయని ఆ మాటల్లో తెలిసిందట. అక్కడ ధర పడిపోతుందని సగం సరుకు బంగారుపేటలోనే అమ్మేసి మళ్ళీ రైలెక్కింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "నోరు మూసుకోని ఇనాలప్పా. వోళ్లు మనకి సెప్పరు, వోళ్లల్లో వోళ్లు సెప్పుకుంటారు" అంది.

తిరుగు రైల్లో నా సిలబస్ ఆమెకు చదివి వినిపించాను. మొత్తం ఓపిగ్గా విన్నది. "బాగుండాది. అయితే దీంట్లో సరుకేది?" అని అడిగింది. నేను అయిదు యూనిట్లూ మళ్ళీ తిరగేశాను. అప్పుడు ఆమె చెప్పడం మొదలుపెట్టింది, నేను ఫారాల వెనక ఖాళీల్లో రాసుకున్నాను. "మొదుటి దినమే పిల్లోల్ల సేతికి సరుకియ్యి. సాయంత్రానికి సెడిపోయే సరుకియ్యి. ఉప్పు, సబ్బు ఇస్తే రేపు అమ్ముకుందాంలే అంటారు. అట్ల రేపనే మాట లేకుండా జెయ్యల్ల." ఇది ఒకటి. "అమ్మేది ఎవురికైనా వస్తాది. మిగిలిపోయిందాన్ని ఏం జెయ్యాల్నో అది నేర్పీ." ఇది ఇంకొకటి. "కొననోడి మీద కోపం రాకూడదు. ఎందుకు కొనలేదో అడగల్ల. సిగ్గుపడకుండా అడగల్ల." ఇలా కుప్పం వచ్చేలోపు కోర్సు మొత్తం తయారైంది. నేను చేసిందల్లా వాటికి ఇంగ్లీషు చొక్కాలు తొడగడం. నోరు మూసుకుని వినడం 'యాక్టివ్ లిజనింగ్' అయింది. మిగిలిపోయిన సరుకు 'కంటింజెన్సీ ప్లానింగ్' అయింది. వాటన్నిటికీ మార్కులు, గంటలు, రిఫరెన్సు పుస్తకాలు కూడా చేర్చాను. (ఏ రిఫరెన్సు పుస్తకంలోనూ ఆ మాటలు లేవు. ఎవరూ వెతకరని నాకు తెలుసు.)

కమిటీ రాకముందే ఒకసారి చేసి చూద్దామని పుంగనూరు వారపు సంతకు నలభై మంది పిల్లల్ని తీసుకెళ్ళాను. తలా ఇరవై కొత్తిమీర కట్టలు. బీన్సక్క తన పని మానుకుని, పలమనేరులో బస్సు మారి వచ్చింది. పిల్లలందరికీ పంచాక నావైపు తిరిగి, "సారూ, నీ కట్టలేవి?" అంది. నేను పర్యవేక్షకుణ్ణని చెప్పబోతే పిల్లలు పకపకా నవ్వారు. గత్యంతరం లేక గోనెపట్టా పరిచి కూర్చున్నాను. మా ఊళ్ళో, మా వీధి వాళ్ళంతా వచ్చే సంతలో! గంటలోపు మా అంగడికి నలుగురు పరామర్శకు వెళ్ళారట. "ఏమి శెట్టీ, పిల్లోడు కొత్తిమీర అమ్ముతాండాడు, ఉజ్జోగం పోయిందా?" అని. కాసేపటికి మా నాయనే వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. ముక్కూ మొహం తెలియని వాణ్ణి అడిగినట్టు "కట్ట ఎంతప్పా?" అన్నాడు. చెప్పాను. ఒక కట్ట తీసి, విదిలించి, వాసన చూసి, "వాడిపోయింది, వొద్దులే" అని వెళ్ళిపోయాడు. మూడేళ్ళు ఎం.బి.ఏ. అంటూ తిరుపతిలో ఖర్చుపెట్టించిన కొడుకు మీద ఆయన తీర్చుకున్న కసి మొత్తం అదే. (చదువు రెండేళ్ళదే. మూడోది తప్పిన ఒక పేపరు కోసం.)

నేను అమ్మింది ఆరు కట్టలు. క్లాసులో ఎన్నడూ నోరు విప్పని, చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె ఇరవై కట్టలూ అమ్మేసి, పక్కవాళ్ళవి కూడా అమ్మిపెడుతోంది. ఎండ ముదిరేసరికి మిగిలినవన్నీ వేలాడిపోయాయి. బీన్సక్క వాటన్నిటినీ ఒక గోతంలో వేసి, బస్టాండు దగ్గర హోటలుకు తీసుకెళ్ళి, "సాయంత్రం చట్నీకి నీకు, టీ నా పిల్లోల్లకి" అని హోటలాయనతో ఒప్పించింది. నలభై మందీ రోడ్డు మీద నిలబడి టీ తాగారు. 'నా పిల్లోల్లు' అన్న ఆ మాట విని నాకు కొంచెం అసూయ కలిగింది కూడా.

కమిటీ వచ్చే రోజున ఆమె చేత మాట్లాడించాలని నేనే పిలిచాను. ఆమె మళ్ళీ రెండు బస్సులు మారి, కొత్త చీర కట్టుకుని, తొమ్మిదిన్నరకే వచ్చింది. దారంతా తనలో తనే అనుకుంటూ వచ్చిందట, ఏం చెప్పాలో. నార్మ్స్ సారు నన్ను పక్కకు పిలిచారు.

"ఎవరయ్యా ఆవిడ?"

"మన కోర్సుకు సలహాలిచ్చిన వ్యాపారి సార్. కుప్పం నుంచి వచ్చారు."

"క్వాలిఫికేషన్?"

"మూడో తరగతి సార్."

"వేదిక మీద పోస్టుగ్రాడ్యుయేట్లు కూర్చుంటారు. నార్మ్స్ ఒప్పుకోవు. బయట కూర్చోమను, కమిటీ అడిగితే పిలుద్దాం." అంతలో స్థానిక వ్యాపారులుగా ఆయన బావమరిదీ, కాలేజీకి ఇసుక తోలే కాంట్రాక్టరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. బీన్సక్కను అటెండరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. "ఒక అరగంట అక్కా" అన్నాను.

కమిటీ పెద్దాయన నిజంగా మంచివాడు. కోర్సు కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "మొదటి రోజే చెడిపోయే సరుకు చేతికివ్వడం! ఇన్నేళ్ళలో ఇలాంటిది ఎక్కడా చూడలేదు. ఎవరిదీ ఆలోచన?" అన్నారు. నార్మ్స్ సారు లేచి, వినయంగా చేతులు కట్టుకుని, "నాదే సార్. మాది వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడు మా పొలంలో..." అని ఎత్తుకున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. కుర్చీలోంచి సగం లేచాను కూడా. నా నాలుక చివర ఉన్న మాట "కాదు సార్, నాది" అన్నది. బయట బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆ మాట కూడా చెప్పే ధైర్యం లేక మళ్ళీ కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనాలయ్యి, ఫోటోలయ్యి, కార్లు వెళ్ళిపోయాక మూడు గంటలకు బయటికొచ్చాను. ఆమె అక్కడే ఉంది. అటెండరు ఇచ్చిన అరటిపండు తొక్క పక్కన మడిచి పెట్టుకుని ఉంది. "పిలస్తాండారా?" అని లేచి చీర సర్దుకుంది. టైము చాలలేదక్కా అన్నాను. అరటి తొక్క తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసి వచ్చింది. తర్వాత "సప్పట్లు ఇనపడినాయి. బాగ జరిగిందా?" అంది. బాగా జరిగిందన్నాను. "నా పేరు సెప్పినావా?" అంది. సూటిగా కాదు, చెప్పులు వేసుకుంటూ, వేరే ఎటో చూస్తూ.

"చెప్పానక్కా. పుస్తకంలో కూడా వేస్తారంట" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. నేను దగ్గరుండి బస్సెక్కించాను. టికెట్టు నేను తీస్తానంటే ఒప్పుకోలేదు.

ఆ కోర్సు పాసయింది. పుస్తకంగా మిగతా కాలేజీలకూ వెళ్ళింది. మొదటి పేజీలో నార్మ్స్ సారు పేరు అచ్చయింది. నాలుగో యూనిట్ చివర 'ఒక మహిళా వీధి వ్యాపారి' అని చిన్న అక్షరాల్లో ఒక ఉదాహరణ ఉండేది, రెండో ముద్రణలో అదీ తీసేశారు. నేను ఏడేళ్ళపాటు కనపడిన ప్రతివాడికీ నా మేధస్సును ప్రిన్సిపాల్ దోచుకున్న కథ చెప్పుకుని ఏడ్చాను. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. (ఆ సంబంధం కుదరలేదు. తర్వాత సంబంధంలో చెప్పలేదు, కుదిరింది.) ఆ కథలో బీన్సక్క ఉండేది కాదు. 'ఒకసారి కుప్పంలో ఫీల్డ్ వర్క్ చేస్తున్నప్పుడు' అన్న ఒక్క ముక్క వెనక ఆమె దాగి ఉండేది, అంతే.

ఏడేళ్ళ తర్వాత మా అత్త ఇంటికి వెళ్ళి వస్తూ కుప్పం బస్టాండులో నిలబడి ఉంటే, వెనకనుంచి "సారూ!" అన్న పిలుపు. బీన్సక్క. జుట్టు నెరిసింది. పక్కన డిగ్రీ చదివే కూతురు. "ఈయప్పేమ్మా! నా పేరు పుస్తకంలో ఏపిచ్చిన సారు!" అని బస్టాండంతా వినపడేలా చెప్పింది. ఆ పిల్ల నాకు చేతులు జోడించి నమస్కారం పెట్టింది. నన్ను అంత గౌరవంగా చూసినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. "సార్, ఆ పుస్తకం ఒకటి దొరుకుతాదా? మా కాలేజీలో చూపించాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటాండాను" అంది.

తప్పకుండా తెచ్చిస్తానన్నాను. ఒక్క కాపీ నేనే అచ్చు కొట్టించి ఇద్దామని అప్పటికప్పుడు లోపల నిర్ణయించేసుకున్నాను కూడా. ఆ ఉత్సాహంలో జేబులోంచి పెన్ను తీసి, "అమ్మ పేరు ఇంటిపేరుతో సహా ఎట్లా రాస్తారమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల జోడించిన చేతులు కిందికి దిగాయి. "పుస్తకంలో ఉండాది కదా సార్?" అంది.

నేను పెన్ను మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ఏడేళ్ళ కిందట ఆమె పేరు చెప్పానని చెప్పిన అబద్ధంలో ఇంకో అబద్ధం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె గంప నెత్తిన మోశాను, ఆమె మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను, పేరు అడగలేదు.

బీన్సక్క నా ముఖం చూసింది. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ, "సారుకి మతిమరుపు జాస్తిమ్మా. ఎంతమందికి పాఠం సెప్పల్ల! అందరి పేర్లూ యాడ గుర్తుంటాయి? నువ్వు పోయి బస్సు యాడుండాదో సూడు పో" అంది. ఆ పిల్ల నన్ను తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

"నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"ఆ పొద్దే తెలుసు. దినామూ అబద్ధాలు సెప్పేటోల్లతోనే గదా నా యవారం. నీకింకా సరిగ్గా రాదప్పా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "దానికి మాత్రం నిజమనే సెప్పినా. మాయమ్మ సదువుకోలేదని అదెప్పుడూ సిన్నబుచ్చుకోకూడదని."

తర్వాత తన పేరు చెప్పింది. ఈసారి రాసుకున్నాను. మునిరత్నమ్మ. ఇంటిపేరు చెప్పనక్కరలేదంది. వారం తిరక్కుండా మదనపల్లెలో ఒక్కటంటే ఒక్క ప్రతి అచ్చు కొట్టించి, మొదటి పేజీలో రూపకర్త అని ఆమె పేరొక్కటే వేయించి, అట్ట వేసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే చదువుకుంది. "ఒకటే ఏసినావా?" అంది. అవునన్నాను. "సాల్లే. దానికి సూపిచ్చేదానికి ఒకటి సాలు" అని గంపలో పెట్టుకుని, మీద గుడ్డ కప్పి, రైలుకు టైమైందని వెళ్ళిపోయింది.

నేను ఇప్పటికీ పాఠాలే చెబుతున్నాను. ఆ ఆరు కట్టలు తప్ప ఎవరికీ ఏమీ అమ్మలేదు. అప్పుడప్పుడు ఆ ఇరవై ఆరేళ్ళ లెక్చరర్ గుర్తొస్తాడు. తన సొమ్మేదో దొంగలెత్తుకుపోయినట్టు ఊరూరా గోల పెట్టినవాడు, లోకంలో తనొక్కడే మోసపోయాడని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. వాణ్ణి తిట్టబోతే నవ్వొస్తుంది. నవ్వబోతే ఆ బెంచీ మీద తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా కూర్చున్న మనిషి కొత్త చీర గుర్తొచ్చి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.